కంకుభట్టు తీర్పు

విరాటపర్వము చదివించినచో వానలు కురియునని మన పల్లెలలో నొక నమ్మకము కలదు. చెఱువు నీటినే నమ్ముకొన్న కరీంనగరు సీమలో, ఆషాఢము గడిచినను మబ్బు పట్టని యేట, గుడి ముంగిట దీపము వెలిగించి తిక్కన సోమయాజి పద్యములను రాత్రులయందు చదివించుట మా చిన్ననాట మేమును చూచితిమి. మా యూర చదువువారు మా తాతగారే. వాన వచ్చిన యేడును కలదు, రాని యేడును కలదు. ఆ లెక్క పెద్దలు వేయలేదు, మేమును వేయము. మాకు నేటికిని మఱపురానిది ఆ కథలో నొక్క ఘట్టమును, దానిని వినుచున్నవారి మొగములును.

కీచకుని యింటినుండి తప్పించుకొని సైరంధ్రి విరాటుని సభకు పరుగెత్తి వచ్చినది. వాడు వెంటనంటి వచ్చి, రాజు చూచుచుండగనే ఆమెను పడద్రోసి కాలితో తన్నినాడు. ఆ సభలోనే ఆమె పెద్దభర్త కంకుభట్టను పేర కూర్చుండియున్నాడు. రెండవ భర్త వంటవాడై నిలిచియున్నాడు. ఆమె యేడ్చినది. ఏడ్చి యూరకుండలేదు, రాజును నిలదీసినది, సభవారిని నిలదీసినది. అప్పుడు ధర్మరాజు పలికిన మాట చదువరులకు తెలియనిది కాదు. కాలమెఱుగక శైలూషివలె, అనగా నాటకమాడెడి దానివలె, సభలో పరుగులిడుచు జూదమాడువారికి విఘ్నము చేయుచున్నావు, రాణివాసమునకు పొమ్మని యాయన యధిక్షేపించినట్లు వ్యాసుడు వ్రాసెను. తిక్కన యా మాటను తెలుగు చేసి, ద్రౌపది చేత దానికొక బదులు చెప్పించెను. తన మగడే నటుడనియు, పెద్దల విద్యయే పిన్నలకు వచ్చుననియు, జూదరి యాలికి గౌరవ మెక్కడిదనియు దాని భావము. తెలుగు కవిత్వమున నింత సూటియైన బదులు మఱియొకటి మేము చదువలేదు.

ఇచ్చోట మా తాతగారు పుస్తకముపై నుండి కన్నెత్తి కొంతసే పాగెడివారు. అరుగుమీది మగవారిలో నెవరో యొకరు, "ధర్మరాజు అన్నది నిజమే గదా, సభల గంతగనం ఏడ్వద్దు" అనెడివారు. మఱియొకరు తల యూపెడివారు. ఆడువారి వైపునుండి మాట వచ్చెడిది కాదు. చీర కొంగులు కన్నులకు పోవుట మాత్రము మాకు దీపపు వెలుతురులో కనిపించెడిది.

ధర్మరాజు పక్షమున చెప్పవలసినది లేకపోలేదు. అజ్ఞాతవాసము బయటపడినచో మఱల పండ్రెండేండ్ల యడవి. ఆయనకును కోపము రాకపోలేదనియు, నది నుదుటి చెమటగా మాత్రమే పొడకట్టినదనియు వ్యాసుడే చెప్పినాడు. కాని యోర్చుకొమ్మని చెప్పుట యొకటి, నిందించుట యొకటి. "ఇది సమయము కాదు" అనవచ్చును. "నీది నటన" యనుట వేఱు. మొదటి మాట కష్టమును ఒప్పుకొనును. రెండవ మాట కష్టమే లేదనును. మారువేషములో నున్నవాడు కంకుభట్టు. నిజముగా దెబ్బ తిన్నది ఆమె. నటివని యనిపించుకొన్నదియు నామెయే.

ఈ తీర్పు సభతో ముగిసిపోలేదు. మన యిండ్లలో కోడలో కూతురో నలుగురిలో కన్నీరు పెట్టుకొన్నపుడు "నాటకాలు ఆడకు" అనియు, నేటి వాడుకలో "డ్రామాలు చేయకు" అనియు ననుట వినని వారుందురా? శైలూషి యను సంస్కృతపదము మఱుగుపడినది గాని యా నింద చెక్కుచెదరలేదు. కథలలోని పాత్రలు మనసు విప్పి యేడ్చినను, కోపించినను, వలపు తెలిపినను, ఆయా కాలముల చదువరులును ప్రేక్షకులును వారిని ఏ కొలతతో కొలిచిరో కొంచెము వెదకి చూడవలెనని మాకు తోచుటకు కారణమిదియే. దీనికి ముందుగా మా తరగతిగదిలో జరిగిన యొక సంగతి చెప్పవలసియున్నది.

పండ్రెండేండ్ల క్రిందట మేము ఆదిలాబాదు జిల్లాలో గోదావరి యొడ్డున నొక చిన్న పట్టణమున పని చేయుచుంటిమి. పదవ తరగతి పిల్లలకు పాత్రస్వభావము వ్రాయుట నేర్పుచు, ద్రౌపదీ ధర్మరాజులను ఉదాహరణముగా గైకొని, ధర్మరాజు శాంతమూర్తి యనియు ద్రౌపది యావేశపరురాలనియు నల్లబల్లపై వ్రాసితిమి. మాకు మా గురువులు చెప్పినదదియే. వెనుక వరుసనుండి యొక బాలిక లేచి, "సార్, మరి ఆమె బాధ ఎవలకు చెప్పుకోవాలె?" అని యడిగినది. సమయము వచ్చువఱకు నోర్చుకొనవలెనని మేము చెప్పితిమి. ఆమె కూర్చుండలేదు. "ఓర్చుకుంటే కీచకుడు సచ్చెటోడా సార్?" అన్నది. తరగతి నవ్వినది. మేమును నవ్వితిమి. ఆ నవ్వు మా యజ్ఞానమును కప్పిపుచ్చుటకు పనికివచ్చినది. ఏమనగా ఆ పిల్ల పర్వమును మాకంటె బాగుగా చదివినది. ఆ రాత్రి ద్రౌపది వంటశాలకు పోయి, నిదురించుచున్న భీముని లేపి, తన కష్టమంతయు చెప్పి కన్నీరు పెట్టుకొన్నది గనుకనే మఱునాటి రాత్రి నర్తనశాలలో కీచకుడు చచ్చినాడు. పర్వమును కదిలించినది ధర్మరాజు శాంతము గాదు.

ఇక శాస్త్రమునకు వత్తము. భరతుడు నాట్యశాస్త్రమున 27వ యధ్యాయమున ప్రేక్షకుని లక్షణము చెప్పుచు, పాత్రకు సంతోషము కలిగినపుడు సంతోషించి, శోకము కలిగినపుడు శోకించి, కోపమునకు కోపమును భయమునకు భయమును పొందువాడే యుత్తముడనెను. తీర్పరులను ప్రాశ్నికులని వేఱుగా పేర్కొనెను. వారు తూచవలసినది ప్రయోగములోని గుణదోషములను, పాత్ర కన్నీటి యొప్పుదప్పులను కాదు. ఈ లెక్కను చూచినచో మా యూరి గుడి ముంగిట కొంగుతో కన్నులొత్తుకొన్నవారే భరతుడు మెచ్చిన ప్రేక్షకులు. తల యూపిన మేధావులు కారు.

భరతుని తరువాత లక్షణకర్తల దృష్టి క్రమముగా మాఱినది. పదవ శతాబ్దిలో మాళవదేశమున దశరూపకము వ్రాసిన ధనంజయుడు నాయకులను నాలుగు తెగలుగా విభజించుచు నాలుగింటికిని ముందు "ధీర" శబ్దమునే చేర్చెను. అందుత్తముడైన ధీరోదాత్తుడు గంభీరుడు, తన్ను పొగడుకొననివాడు, అహంకారమును లోననే దాచుకొనువాడు. దాచుకొనుట యిట్లు గుణమైనది. గుణమైన వెనుక, దాచుకొననివారి గతి యేమి?

11వ శతాబ్దివాడైన కాశ్మీరపండితుడు మమ్మటుడు కావ్యప్రకాశమున రసదోషములను లెక్కించెను. ఒకే రసమును మాటిమాటికి రగుల్కొల్పుట యొక దోషమని చెప్పి, దానికి కుమారసంభవమున రతీవిలాపమును ఉదాహరణముగా చూపెను. కాళిదాసు నాలుగవ సర్గ మాకు కంఠస్థము. కన్నుల యెదుట భర్త బూడిదయైన స్త్రీ యందు విలపించును. చెలికాడైన వసంతుని చూచి దుఃఖము మఱల పొంగును. చితి పేర్చుమని యాతని వేడుకొనును. ఆకాశవాణి వచ్చి యాపును. న్యాయముగా చెప్పవలెనన్న మమ్మటుడు తప్పుపట్టినది కవిని, రతిని గాదు. కాని పాఠశాలలలో విద్యార్థి నేర్చుకొన్నదేమి? ఆమె యేడ్పు ఎక్కువైనదని. రఘువంశమున ఎనిమిదవ సర్గయందు అజమహారాజు ఇందుమతి కొఱకు ఇంతకు తక్కువ యేడ్చెనా? వసిష్ఠుడు శిష్యుని పంపి బోధింపజేసినను ఆతని మనసునకెక్కలేదు. కొడుకు చిన్నవాడని యెనిమిదేండ్లు బ్రతికి, పిదప గంగాసరయువుల సంగమమున ప్రాణము విడిచెను. ఆ విలాపమును మమ్మటుడాచోట తడవలేదు. మన పండితులు దానిని దాంపత్యప్రేమకు తార్కాణముగా చదివించుచున్నారు. ఈ రెంటికిని వ్యాఖ్య రచించిన మల్లినాథసూరి మన పొరుగున మెదకు సీమలోని కొల్చారమువాడు. ఇద్దఱి కన్నీటికిని ఒకే శ్రద్ధతో అర్థము చెప్పిన యా మహానుభావునకు నమస్కారము.

పురాణము వినుటకు పోయినవారు ఈ తేడాను ఇంకను స్పష్టముగా గమనించియుందురు. సీత కనబడక రాముడు అరణ్యమున చెట్టును పుట్టను అడుగుచు నున్మత్తునివలె తిరిగినపుడు పౌరాణికుని గొంతు గద్గదమగును, శ్రోతలు "ఎంత ప్రేమ!" యందురు. దానికి కొంచెము ముందు మారీచుని కేక విని భయముచే సీత లక్ష్మణుని నాలుగు పరుషవాక్యము లాడినది. అచ్చట పౌరాణికుడు గొంతు తగ్గించి, ఆ మాటలకే ఆమె యంత యనుభవించినదని ధర్మసూక్ష్మము చెప్పును. ఒకే కాండ, ఒకే దంపతులు, ఒకే దినపు దుఃఖము. ఆయన కన్నీరు ఆయన కీర్తి. ఆమె కోపము ఆమె కర్మ.

ఇది మన దేశపు లోపమేయని యెవరును సంతోషింప నక్కఱలేదు. ఆంగ్లవిద్య చదివినవారికి గ్రీకు పండితుడు ప్లేటో పరిచితుడే. ఆయన తన రిపబ్లిక్కు మూడవ భాగమున, హోమరు కావ్యములో వీరుడైన అకిలీసు పొర్లి పొర్లి యేడ్చుటను తప్పుపట్టి, అట్టి విలాపములను ప్రసిద్ధపురుషుల నుండి తీసివేసి స్త్రీల కిచ్చివేయవలెనని, అందును మంచి స్త్రీలకు గాదని చెప్పెను. మన లక్షణకర్తలు చూపుతో చెప్పిన దానిని ఆయన నోటితో చెప్పెను. మా తరమువారికి సంస్కృతము ఒక చేత, ఇంగ్లీషు ఒక చేత ఈ పాఠమునే నేర్పినవి. రెండు వైపుల గురువులు ఏకీభవించినపుడు శిష్యునకు సందేహము పుట్టుట కష్టము.

అయినను తీర్పులు శాశ్వతములు కావు. దానికి సాక్ష్యము మా గడ్డమీదనే యున్నది. వేములవాడ చాళుక్యరాజు రెండవ అరికేసరి కొలువున పంపకవి క్రీ.శ. 941 ప్రాంతమున కన్నడమున విక్రమార్జునవిజయమును రచించెను. ఆయన తమ్ముడు జినవల్లభుడు కుఱిక్యాల యొద్ద బొమ్మలగుట్టపై చెక్కించిన శాసనమున తెలుగు కందపద్యములును కలవు. నన్నయకు వెనుకటి పద్యములగుటచే మనకవి ప్రియములు. పంపడు తన ప్రభువునే అర్జునునిగా భావించి కావ్యము వ్రాసెను. అట్టి కావ్యమున ప్రతిపక్షమువాడైన కర్ణుని గతి యేమి కావలెను? కర్ణుడు లక్షణగ్రంథముల ధీరోదాత్తుడు కాడు. ప్రగల్భములాడును, భీష్మునితో సభలో తగవులాడును, అవమానమును మఱచిపోడు, మఱచినట్లు నటింపను నటింపడు. పంపడు భారతమున నెవరినైనను తలచుకొనదలచినచో కర్ణునే తలచుకొమ్మని చదువరికి చెప్పెను. ఓడిపోయినవాని వ్యాజ్యమును తిరుగదోడిన యా కవి వేములవాడవాడని తలచినపుడెల్ల మాకు కొంత గర్వము కలుగును. కాని యాయన తిరుగదోడినది మగవాని వ్యాజ్యమే. ఆడుదాని వ్యాజ్యము ఇంకెంతయో కాలమాగవలసివచ్చినది.

ఆ వ్యాజ్యము 18వ శతాబ్దిలో తంజావూరున పుట్టి, 20వ శతాబ్దిలో మదరాసున విచారణకు వచ్చినది. ప్రతాపసింహుని యాస్థానమునందలి ముద్దుపళని రాధికాసాంత్వనమును రచించెను. అందు రాధ తాను పెంచిన ఇళాదేవిని కృష్ణునకిచ్చి పెండ్లి చేసి, పిదప నోర్వలేక యేడ్చును, తిట్టును, అలుగును. కృష్ణుడు వచ్చి యామె నూఱడించును. పేరులోనే "సాంత్వనము" కలదు. కోపించిన స్త్రీకి బుద్ధి చెప్పుట కాక, ఊఱట చెప్పుట కథగా గల కావ్యము. దీనిని వీరేశలింగము పంతులుగారు ఆంధ్రకవులచరిత్రమున చర్చించుచు, అందలి భాగములు స్త్రీలు వినదగనివి, పలుకదగనివి యని నిరసించిరి. 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహమును జరిపించిన చేయియే యీ వాక్యమును వ్రాసినది. పంతులుగారి ఋణము మనలో నెవరును తీర్పలేరు; మా యింటిలో చదువుకొన్న స్త్రీలందఱును ఆయన చలువ చేతనే చదువుకొన్నారు. అందుచేతనే ఈ మాట దాచరాదు. వితంతువు కన్నీటిని తుడిచిన యా సంస్కర్త, రాధ కోపమును సహింపలేకపోయెను. కన్నీరు జాలి కోరును; కోపమును కోరికయు సమానతను కోరును. జాలి చూపుట మన సంస్కరణోద్యమమునకు త్వరగా పట్టుబడినది.

బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో ఆ గ్రంథమును పరిష్కరించి ముద్రింపించి, పీఠికలో పంతులుగారికి బదులు చెప్పిరి. ఇంతకు మించిన శృంగారము గల వైజయంతీవిలాసము వంటి మగకవుల గ్రంథములు వారికి గ్రాహ్యములైనపు డిదియేల కాదని యామె ప్రశ్న. ద్రౌపది కంకుభట్టుకు చెప్పిన బదులునకు ఇది చెల్లెలు వంటిది. 1911లో ప్రభుత్వము పుస్తకమును నిషేధించెను. ప్రకాశము పంతులుగారు మదరాసు రాష్ట్రమున ప్రధానిగా నున్నకాలమున, 1946-47 ప్రాంతమున, ఆయన చొరవతో గాని యా నిషేధము తొలగలేదు. కల్పితపాత్ర యొకతె అలిగినందులకు ముప్పదియైదేండ్ల శిక్ష!

చలనచిత్రములు వచ్చిన వెనుక తీర్పు చెప్పుటకు చదువు కూడ నక్కఱలేకపోయెను. 1953లో వేదాంతం రాఘవయ్యగారి దర్శకత్వమున దేవదాసు వచ్చినది. వంగకవి శరత్తు కథ అది. నవల 1917లో వెలువడినది. అందు ధైర్యము చేసినది పార్వతి. అర్ధరాత్రమున తానే యాతని గదికి పోయి మనసు విప్పినది. వెనుకంజ వేసినది దేవదాసు. ఆ పిదప చేసినదేమి యనగా త్రాగుట, దగ్గుట, కన్నీరు పెట్టుకొనుట. తెలుగునాట ప్రేక్షకులు ఆతనికి తమ హృదయము నిచ్చివేసిరి. "దేవదాసు" అను పేరు సామాన్యనామమై, ప్రేమలో దెబ్బతిన్న ప్రతి యువకునకును అంటుకొన్నది. మా పాఠశాలలో గడ్డము పెంచిన ప్రతి ఉపాధ్యాయుడును ఒకనాడు కాకున్న నొకనాడు దేవదాసే. పార్వతి పేరు మాత్రము నే స్త్రీ ధైర్యమునకును పర్యాయము కాలేదు.

దీనికి ప్రక్కనే సూర్యకాంతమ్మగారిని (1924-1994) నిలిపి చూడుడు. 1962 నాటి గుండమ్మకథలో వలెనే ఆమె యనేక చిత్రములలో కోపమును లోపల నుంచుకొనని యిల్లాలిని, అత్తను, సవతితల్లిని ధరించిరి. అనుకొన్నదనుట, అఱచుట, తప్పు తెలిసిన నాడు పెద్దపెట్టున నేడ్చుట ఆ పాత్రల తీరు. ప్రేక్షకులు కడుపుబ్బ నవ్విరి, ఆమె నటనకు జోహారులర్పించిరి. కాని బిడ్డలకు సూర్యకాంతమను పేరు పెట్టుట మానివేసిరని లోకమున వాడుక. మా పాఠశాలల హాజరుపట్టీలలో ఇన్నేండ్లలో నా పేరు మాకు తగులలేదు. చక్కని సంస్కృతనామము, రత్నమునకు పేరు, ఇట్లు వెలియైనది. మఱుసటి యేట, 1963లో, లవకుశ వచ్చినది. అందు అంజలీదేవిగారి సీత యేడ్చును గాని నిందింపదు. పల్లెలనుండి బండ్లు కట్టుకొని వచ్చి చూచినవారు ఆమెను దేవతగా కొలిచిరి. ఆ కన్నీటిని మేమును తక్కువ చేయము. మా అమ్మగారు ఆ చిత్రమును ఎన్నిసార్లు చూచిరో లెక్కలేదు. కాని యాలోచింపవలసినదేమనగా, సీత కన్నీరును గుండమ్మ కోపమును ఒకే యింటిలో, ఒకే స్త్రీలో, ఒకే దినమున నుండునవే. ప్రేక్షకుడు రెంటిని విడదీసి ఒకదానికి హారతియు మఱియొకదానికి నవ్వును ఇచ్చెను.

ఇంతవఱకు పుస్తకములమీదను బొమ్మలమీదను వేసిన నింద మామీద కూడ వేసికొనవలసియున్నది. పైని చెప్పిన బాలిక ఇంటరు ముగించి డిగ్రీలో చేరదలచినది. ఇంటివారు సంబంధము కుదిర్చిరి. నిశ్చితార్థమునాడు చుట్టములందఱి నడుమ ఆమె, చదువుకొందునని చెప్పి బిగ్గరగా నేడ్చినదట. మూడునాళ్లకు తండ్రి మా యింటికి వచ్చెను. మంచివాడు, బిడ్డపై ప్రేమ గలవాడు. "సారూ, గంత మందిల ఏడ్సి ఇజ్జత్ దీసింది. మీ మాటంటె దానికి గురి. మీరన్న జెర చెప్పుండ్రి" అనెను. మేము పోయితిమి. ఆమె చదువు సంగతి తండ్రితో మాటాడవలసినవారము, ఆమెతో ఓర్పు సంగతి మాటాడితిమి. నలుగురిలో నట్లు ఏడ్చుట తగదంటిమి, మెల్లగా చెప్పియుండవలసినదంటిమి. మెల్లగా ఆమె యెన్నిసార్లు చెప్పియుండెనో మేమడుగలేదు. శైలూషి యను పదమొక్కటి మా నోట రాలేదు గాని, తక్కిన కంకుభట్టు ప్రసంగమంతయు వచ్చినది. ఆమె తల వంచుకొని వినినది. ఈమాఱు ప్రశ్న వేయలేదు. ఆ ఫాల్గుణమున పెండ్లియైనది. డిగ్రీలో చేరలేదు.

అప్పటినుండి మేము నల్లబల్లపై ఆ రెండు విశేషణములను వ్రాయుట మానితిమి. ద్రౌపది వంటశాలకు పోయిన పద్యములు చదివి, తరువాత నేమి జరిగినదో పిల్లలనే చెప్పుమనుచున్నాము. ఇది ప్రాయశ్చిత్తమని చెప్పుకొనుటకు మాకు ముఖము చెల్లదు.

నాలుగేండ్ల క్రిందట, వేములవాడకు కొంత దూరమున నొక పల్లెలో, బంధువుల యింట ఎల్లమ్మ పండుగకు పోయి ఒగ్గుకథ వింటిమి. ఆ ప్రాంతము ఒగ్గుకథకు పేరుపడినది. ఆ కళను దేశాంతరములకు కొనిపోయిన మిద్దె రాములుగారిదియు, జ్ఞానపీఠమునందిన సి. నారాయణరెడ్డిగారిదియు ఒకే యూరు, హనుమాజీపేట. చదువుకొన్నవారు రెండవ పేరును మాత్రమే చెప్పుకొందురు.

ఎల్లమ్మ యనగా రేణుక. వ్యాసభారతమున అరణ్యపర్వమునం దీమె కథ కలదు. నీటికి పోయిన రేణుక జలక్రీడలాడుచున్న చిత్రరథుడను రాజును చూచినది, మనసు క్షణకాలము చలించినది. ఆమె యొక మాట పలుకలేదు, ఒక యడుగు వేయలేదు. దాచుకొనుటయే గుణమైనచో, ఆమె దాచుకొన్నది. అయినను జమదగ్ని ముఖము చూచి కనిపెట్టి, తల్లిని చంపుడని కొడుకులను ఆజ్ఞాపించెను. నలువురు చేయలేక శాపమందిరి, పరశురాముడు నఱికెను. వరము కోరుకొమ్మనగా తల్లి బ్రతుకవలెననియు, తన్ను చంపిన సంగతి యామెకు గుర్తుండరాదనియు కోరెను. పుస్తకములోని రేణుక అన్నియు మఱచి యాశ్రమమున వంట చేసికొనును. మన పల్లెలలోని ఎల్లమ్మ మఱువలేదు. ఆమె ఊరూర గుడి కట్టించుకొని, బోనమెత్తించుకొని, ఏటేట తన కథను మొదటినుండి చెప్పించుకొనుచున్నది. శిక్షించిన ఋషికి మేమెఱిగిన పల్లెలలో గుడి లేదు.

ఆ రాత్రి డోళ్లు నెమ్మదించి, నపీర గొంతు సన్నగిల్లి, ప్రధానకథకుడు ఒంటికాలి గజ్జెలు కదలకుండ నిలిచి జమదగ్ని యాజ్ఞను పలికెను. మరుక్షణమే యాతడు ఎల్లమ్మయై, కొడుకును చూచి, ఏమి తప్పు చేసితినో చెప్పి నఱుకుమని యేడ్చెను. మీసము గల యా మగవాని కన్నులనుండి నిజముగా నీరు కారుచున్నది. ఆడువారి వరుసలో నుండి యొక ముదుసలి లేచి నిలుచున్నది. "నీ నోట్లె మన్నువడ! చేతులతోని నీళ్లు దెచ్చి పెట్టిన పెండ్లాన్ని సంపుమంటవారా?" అని ఋషిని తిట్టనారంభించినది. ఇంకొకతె పరశురామునితో, "తల్లిరా, కన్నతల్లిరా" అన్నది. తిట్లు పెరిగినవి. ఎవరో చిన్నపిల్ల యేడ్వనారంభించినది. మా ప్రక్కన కూర్చుండిన యువకుడొకడు నవ్వబోయి, ఎందుకో యాగిపోయెను.

కథకుడు వారిని వారింపలేదు. చేతిలోని పరశువును అట్లే పైకెత్తి పట్టుకొని, డోలువానిని కనుసైగతో నిలిపి, ఆ ముసలమ్మ చెప్పదలచినదంతయు చెప్పి కూర్చుండువఱకు వేచియుండెను.